పాకిస్తాన్ ఆడితేనే హాకీయా?

ఒమాన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళకి హాకీ మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కాకపోతే ఆ ప్రేమ పాకిస్తాన్ ఆడే రోజునే బయటికొస్తుంది. 2018 నుంచి లెక్క వేసుకోండి. ఆ ఏడాది అక్టోబరులో మస్కట్‌లో పురుషుల ఆసియా చాంపియన్స్ ట్రోఫీ జరిగింది. 2022 జనవరిలో మహిళల ఆసియా కప్పు. 2023లో సలాలాలో జూనియర్ ఆసియా కప్పు, ఆ తర్వాత హాకీ ఫైవ్స్ ఆసియా పోటీలు. 2024 జనవరిలో పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలు, అవి ముగిసిన మూడు రోజులకే హాకీ ఫైవ్స్ మొట్టమొదటి ప్రపంచ కప్పు. మళ్ళీ ఆ ఏడాది ఆఖర్న జూనియర్ ఆసియా కప్పు. ఆట మన గుమ్మం ముందుకే వచ్చింది. రుసైల్ నుంచి మస్కట్ మైదానాలకి కారులో ముప్పావుగంటకి మించి పట్టదు. ఇన్నిటిలో మనవాళ్ళు జెండాలు కొనుక్కుని, మొహాలకి మూడు రంగులు పూసుకుని బయల్దేరింది ఎన్నిటికి? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. ఆ రోజులన్నిటా ఎదుట ఉన్నది ఒకే దేశం.

ప్రత్యర్థి మీద గెలవాలనుకోవడం తప్పని నేను అనడం లేదు. పంతం లేని ఆటకి రుచి ఉండదు. నా అభ్యంతరాలు రెండు. ఎదుటివాడి ఓటమే మన దేశాభిమానానికి కొలబద్ద అయితే, చివరికి మన గెలుపు కూడా మన కంటికి ఆనదు. రెండోది, ఆ పంతానికయ్యే ఖర్చు దాన్ని మొదలుపెట్టిన వాళ్ళ జేబులోంచి పోదు, వేరెవరో కడతారు. ఈ రెండూ రుసైల్‌లో కళ్ళారా చూస్తున్నాను కాబట్టే ఈ నాలుగు మాటలు.

అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న మిత్రులకి రుసైల్ అంటే తెలియకపోవచ్చు. మస్కట్ నుంచి నిజ్వా వైపు వెళ్ళే దారిలో, సీబ్ దాటాక వచ్చే పారిశ్రామికవాడ ఇది. 1983లో మొదలైంది, ఒమాన్‌లో ఇదే మొదటిది. కేబుళ్ళు, పైపులు, రంగులు, తిండి సరుకులు, ఇంకా బోలెడు తయారవుతాయి. 2003లో పక్కనే నాలెడ్జ్ ఒయాసిస్ పేరుతో సాంకేతిక పార్కు కూడా వెలిసింది. అంటే కంప్యూటర్ ముందు కూర్చునే తెలుగు ఇంజనీరూ, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే జగిత్యాల కుర్రాడూ, కరెంటు పని చేసే కడప మేస్త్రీ అందరూ రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే బతుకుతుంటారు. వాళ్ళ పక్కనే సియాల్‌కోట్, పెషావర్, కరాచీల నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. షాపు ఫ్లోరులో అందరూ మాట్లాడేది ఒకటే భాష. దాన్ని మనం హిందీ అంటాం, వాళ్ళు ఉర్దూ అంటారు. పని మాత్రం ఆగదు.

ఇలాంటి చోట భారత్, పాకిస్తాన్ మ్యాచ్ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 2018 చాంపియన్స్ ట్రోఫీ సంగతే చూడండి. అక్టోబరు 20, శనివారం, సెలవు రోజు. లీగ్ మ్యాచ్‌లో మనం 3-1తో గెలిచాం. ఆదివారం పొద్దున ఫ్యాక్టరీల్లో మనవాళ్ళ నడకే మారిపోయింది. సరిగ్గా వారానికి, 28న ఫైనల్. మళ్ళీ ఆ రెండు జట్లే. అయితే మస్కట్‌లో ఏడాదికి నాలుగు రోజులు పడితే గొప్ప అనుకునే వాన ఆ రాత్రే కురిసింది. మైదానం ఆడటానికి పనికిరాకుండా పోయింది. నిర్వాహకులు రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. నాణెం ఎగరేస్తే ట్రోఫీ మొదటి ఏడాది ఉంచుకునే వంతు మనకొచ్చింది. అక్కడున్న బంగారు పతకాలు పాకిస్తాన్ వాళ్ళకిచ్చారు, మనవి తర్వాత పంపిస్తామన్నారు. మర్నాడు మా క్యాంటీన్‌లో ఇరుపక్షాల వాళ్ళూ ఒకే మాట అన్నారు: "వాన పడకపోతే మీ సంగతి తేలిపోయేది." పంచుకున్న గెలుపు ఎవరికీ రుచించలేదు. ఫైనల్‌కి చేరిన రెండు జట్లూ ఎంత బాగా ఆడాయన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

అసలు విషయం 2024 జనవరిలో బయటపడింది. ఆ నెల 15 నుంచి 21 వరకు మస్కట్‌లో ఒలింపిక్ అర్హత పోటీలు జరిగాయి. మన పురుషుల జట్టు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణంతో అప్పటికే పారిస్‌కి అర్హత సంపాదించుకుంది కాబట్టి ఇక్కడ ఆడాల్సిన పని లేదు. పాకిస్తాన్‌కి మాత్రం ఇదే ఆఖరి అవకాశం. సెమీస్‌లో జర్మనీ చేతిలో ఓడింది. 21న న్యూజిలాండ్‌తో మూడో స్థానం కోసం ఆడి 2-3తో ఓడింది. రియో, టోక్యోల తర్వాత వరసగా మూడో ఒలింపిక్స్‌కి దూరమైంది. మూడు ఒలింపిక్ స్వర్ణాలు, నాలుగు ప్రపంచ కప్పులు గెలిచిన జట్టు అది. ఆ మర్నాడు మా దగ్గర కొందరు మనవాళ్ళు మిఠాయి పంచారు. మన జట్టు ఆడని మ్యాచ్‌కి! స్టోర్సులో పనిచేసే పాకిస్తానీ పెద్దాయన ఆ పెట్టెలోంచి ఒక ముక్క తీసుకుని, కళ్ళకద్దుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. 2008 మార్చిలో చిలీ దేశంలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి బీజింగ్ ఒలింపిక్స్‌కి మనం దూరమైనప్పుడు మనకెలా ఉండిందో గుర్తున్నవాళ్ళు ఆ పెట్టె పట్టుకోరు.

మిఠాయి పంచిన ఆరో రోజున, జనవరి 27న, అదే నగరంలో మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. హాకీ ఫైవ్స్ అంటే జట్టుకి ఐదుగురు, చిన్న మైదానం, ఇరవై నిమిషాల ఆట. ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. భారత జట్టు క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్‌ని 11-1తోనూ, సెమీస్‌లో దక్షిణాఫ్రికాని 6-3తోనూ ఓడించి ఫైనల్‌కి వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ ఎవరనుకున్నారు? గోల్‌కీపర్ ఎతిమరపు రజని. ఒకప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలం అమ్మాయి. ఒక తెలుగమ్మాయి కెప్టెన్సీలో భారత జట్టు ప్రపంచ కప్పు ఫైనల్ ఆడుతోంది, అదీ మన ఇంటికి ముప్పావుగంట దూరంలో, అదీ శనివారం సెలవు రోజున! ఇంతకన్నా ఏం కావాలి? ఆ సాయంత్రం గ్యాలరీలో నా చెవిన పడిన తెలుగు మాటలు నాలుగైదు కుటుంబాలవి. 21న పాకిస్తాన్ ఓడితే మిఠాయి పంచినవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. ఫైనల్లో నెదర్లాండ్స్ 7-2తో గెలిచింది. మన అమ్మాయిలు రజతం తీసుకున్నారు. సోమవారం క్యాంటీన్‌లో దాని ఊసే లేదు. ఎదుట నెదర్లాండ్స్ కాకుండా పాకిస్తాన్ ఉండి ఉంటే, రజని పేరు రుసైల్‌లో ప్రతి తెలుగింటా మార్మోగిపోయేది. మన గెలుపు మనకే కనపడకుండా పోతుందని మొదట్లో అన్నది ఇందుకే.

ఇది ఒమాన్ తెలుగువాళ్ళ జబ్బే అనుకోకండి. సొంత రాష్ట్రాల్లోనూ ఇదే వరస. హైదరాబాద్ కుర్రాడు నందనూరి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలో భారత్ తరఫున ఆడాడు. అర్జున అవార్డు, పద్మశ్రీ అందుకున్నాడు. మన పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్ళెందరు? 2003లో హైదరాబాద్ ఆఫ్రో ఏషియన్ క్రీడల ఫైనల్లో మనం పాకిస్తాన్‌ని 3-1తో ఓడించాం. ఆ ఒక్క మ్యాచ్ మాత్రం చాలామందికి గుర్తుంది. 2008లో అదే హైదరాబాద్‌లో జూనియర్ ఆసియా కప్పు ఫైనల్లో కొరియాని 3-2తో ఓడించిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని ఒక జట్టుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వెళ్ళి 3-4తో ఓడింది. పేరు హైదరాబాద్‌ది, ఆ సీజన్‌లో పురుషుల మ్యాచ్‌లు ఆడింది మాత్రం రూర్కెలా, రాంచీలలో! పక్కనే ఉన్న ఒడిశా 2018 నుంచి భారత జట్లకి స్పాన్సర్‌గా ఉండి, 2018లో, 2023లో పురుషుల ప్రపంచ కప్పులకి ఆతిథ్యమిచ్చింది. హాకీ మీద అభిమానం అంటే అదీ. మనకున్నది పాకిస్తాన్ మీద పంతం. ఈ రెండిటినీ ఒకటే అనుకుని తృప్తిపడుతున్నాం.

పంతం కొత్తదేమీ కాదు, దానికి చరిత్ర ఉంది. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్, 1964లో టోక్యో. వరసగా మూడు ఒలింపిక్ ఫైనల్స్ ఈ రెండు దేశాల మధ్యే జరిగాయి. మూడూ 1-0తోనే తేలాయి. మొదటిదీ మూడోదీ మనవి, నడిమిది వాళ్ళది. 1948లో పాకిస్తాన్ మొదటి ఒలింపిక్ జట్టుకి కెప్టెన్‌గా ఉన్న అలీ దారా, 1936లో బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టులో ఆడి మన దేశానికే స్వర్ణం తెచ్చినవాడు. అంటే ఒకే ఇంట్లో నేర్చుకున్న విద్యతో రెండు ఇళ్ళవాళ్ళు తలపడ్డారన్నమాట. అంచేతే ఆ ఆటలో అంత అందం, అంత ఉడుకు.

ఆ ఉడుకు హద్దు దాటితే ఏమవుతుందో 1982 చూపించింది. ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ 7-1తో గెలిచింది. మనవాళ్ళ కోపం గెలిచినవాళ్ళ మీద కాక సొంత గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ మీదకి మళ్ళింది. డబ్బు తిన్నాడన్నారు, అమ్ముడుపోయాడన్నారు. ఏ ఆధారమూ లేదు. ఆ మనిషి ఆ మచ్చ మోస్తూ ఏళ్ళ తరబడి బతికాడు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపర్లకి శిక్షణ ఇచ్చింది ఆయనే. 2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చాక గానీ జనం ఆయన వైపు మళ్ళీ చూడలేదు. శత్రువు మీద రెచ్చగొట్టిన కోపం, శత్రువు దొరకనప్పుడు ఇంట్లోవాడి మీదే పడుతుంది.

ఇంకో సంగతి. పాకిస్తాన్‌ని ఓడించడం ఇప్పుడు మన స్థాయికి కొలత కానే కాదు. ఒలింపిక్స్ హాకీలో మనకి ఇప్పటికి 13 పతకాలున్నాయి, అందులో 8 స్వర్ణాలు. ఆఖరి స్వర్ణం మాత్రం 1980 నాటిది. టోక్యోలో జర్మనీనీ, పారిస్‌లో స్పెయిన్‌నీ ఓడించి కాంస్యాలు తెచ్చుకున్నాం. ఇక అందుకోవలసింది నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియంల స్థాయిని. మూడు ఒలింపిక్స్‌గా గేటు దాటలేకపోయిన జట్టు పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటే మనం పొడుగ్గానే కనపడతాం. ఎదిగామని మాత్రం కాదు.

ఇక్కడ కొందరు మిత్రులు గట్టిగా అడుగుతారు: "పహల్గామ్ తర్వాత కూడా ఈ సుద్దులేనా?" న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటేసి ముందుకి వెళ్ళలేను. 2025 ఏప్రిల్ 22న అక్కడ 26 మందిని చంపారు. వాళ్ళలో విశాఖవాసీ, నెల్లూరు జిల్లావాసీ ఉన్నారు. మే నెలలో సరిహద్దులో సత్యసాయి జిల్లా జవాను ఒకరు ప్రాణాలిచ్చారు. ఆ కోపం నాకూ ఉంది. అది చల్లారాలని నేను అడగను. కానీ కోపం ఎవరి మీద, ఏ దారిలో అన్నది తేల్చుకోవాలి. భారత ప్రభుత్వం 2025 ఆగస్టులో విధానం ప్రకటించింది: పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక క్రీడలు ఉండవు, పలు దేశాలు ఆడే పోటీల్లో మాత్రం మన జట్లు ఆడతాయి. దేశం తరఫున నిర్ణయించాల్సినవాళ్ళు నిర్ణయించారు. ఆ అక్టోబరులో మలేషియాలో సుల్తాన్ జోహోర్ కప్పులో మన జూనియర్లు పాకిస్తాన్‌తో ఆడారు. మొదలెట్టే ముందు ఇరుజట్ల కుర్రాళ్ళూ అరచేతులు తట్టుకున్నారు, ఆ తర్వాత హోరాహోరీగా ఆడి 3-3తో ముగించారు. దేశం చొక్కా వేసుకున్న పద్ధెనిమిది, ఇరవయ్యేళ్ళ పిల్లలు చూపిన నిగ్రహం, కార్పొరేట్ బ్యాడ్జి వేసుకున్న నలభై ఏళ్ళ వాళ్ళం చూపలేమా?

ఇక రెండో అభ్యంతరం, ఖర్చు సంగతి. 2024 డిసెంబరు 4న మస్కట్‌లో జూనియర్ ఆసియా కప్పు ఫైనల్. భారత్ 5-3తో పాకిస్తాన్‌ని ఓడించింది. అరైజీత్ సింగ్ హుండల్ అనే కుర్రాడు నాలుగు గోల్స్ కొట్టాడు. పండగ చేసుకోవలసిన ఆట. ఇక్కడి ఒక లేబర్ క్యాంపులో రెండు దేశాల కార్మికులూ ఒకే హాలులో కూర్చుని ఆ మ్యాచ్ చూశారు. చివరి విజిల్ మోగాక పాకిస్తానీ కుర్రాళ్ళ మొహాలని మన తెలుగు ఇంజనీరు ఒకాయన ఫోనులో వీడియో తీసి, వెనక వెక్కిరింపు పాట జోడించి, కంపెనీ వాట్సాప్ గుంపులో పెట్టాడు. ఆయన విల్లాకి వెళ్ళి నిద్రపోయాడు. క్యాంపులో రాత్రి పదకొండు గంటలకి తోపులాట జరిగింది. ఒకరికి చెయ్యి విరిగింది. మర్నాడు యాజమాన్యం తేలికైన పరిష్కారం వెతుక్కుంది. హాలులో టీవీ తీసేసింది, భోజనాల వేళలు విడగొట్టింది. రెండు దేశాల నుంచీ చెరొక హెల్పర్‌కి హెచ్చరిక లేఖ ఇచ్చింది. ఆ లేఖ అందుకున్న మనవాడు నిజామాబాద్ జిల్లా నుంచి ఏజెంటుకి అప్పు చేసి కట్టి వచ్చినవాడు. వీడియో తీసిన ఆయనకి ఏ లేఖా రాలేదు.

ఆ టీవీ నాలుగు నెలలు రాలేదు. ఎనిమిది మంది ఉండే గదిలోంచి శుక్రవారం బయటికొచ్చి సినిమా చూసుకునే ఆ ఒక్క హాలూ మూగబోయింది. అది తిరిగొచ్చిన కొద్ది వారాలకే 2025 మే వచ్చింది. ఈసారి క్యాంపులో ఏ గొడవా జరగలేదు. కారణమేమిటో తెలుసా? రెండు దేశాల పెద్దమేస్త్రీలు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. హాలులో వార్తా చానళ్ళు పెట్టకూడదు, ఎవరి ఫోను వాళ్ళు గదిలోనే చూసుకోవాలి, వంటగదిలో యుద్ధం మాట ఎత్తకూడదు. పదో తరగతి దాటని మనుషులు ఈ ఏర్పాటు చేసుకుంటే, డిగ్రీలున్న మనవాళ్ళు అదే సమయంలో వాట్సాప్‌లో యుద్ధవ్యూహాలు గీస్తున్నారు. పరదేశంలో ఉంటూ, అదీ 2011 నాటి సైబర్ నేరాల చట్టం అమల్లో ఉన్న దేశంలో ఉంటూ చేసే ఆ పని ఎంత దాకా వెళ్ళగలదో మన చదువు మనకి చెప్పాలి. వెళ్తే ముందు వీసా పోయేది మాత్రం మళ్ళీ ఆ గదిలో ఉన్నవాడిదే.

మర్యాద గురించి ఒక మాట. 2025 చివర్లో చెన్నై, మదురైలలో జూనియర్ ప్రపంచ కప్పు జరిగింది. పాకిస్తాన్ రాలేదు. ఆ స్థానంలో వెళ్ళింది ఎవరో కాదు, మనకి అన్నం పెడుతున్న ఒమాన్. నవంబరు 29న మదురైలో భారత్ ఆ పిల్లలని 17-0తో ఓడించింది. మన జట్టు బాగా ఆడింది, సంతోషం. ఆ రాత్రి మనవాళ్ళ గుంపుల్లో తిరిగిన జోకులు మాత్రం తలవంపులు. యాభై లక్షల పైచిలుకు జనాభాలో నూటికి నలభై మందికి పైగా పరదేశీయులే ఉన్న చిన్న దేశం ఇది. చాంపియన్స్ ట్రోఫీకీ, ప్రపంచ కప్పుకీ మైదానం సిద్ధం చేసి రెండు దేశాల వాళ్ళనీ ఒకే గ్యాలరీలో కూర్చోబెట్టిన దేశం. గ్వాదర్ 1958 దాకా ఒమాన్ సుల్తాన్‌ది. ఆ తీరం నుంచి వచ్చిన బలూచీ కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఒమానీ పౌరులు. మన పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ఒమానీ సహోద్యోగి తాతగారి ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉండొచ్చు. నోటికొచ్చింది అనేముందు ఎదుట ఎవరున్నారో ఒకసారి చూసుకోవడం మంచిది.

అయితే ఏం చేద్దాం? ఉపన్యాసంతో ఆపేస్తే ఈ రాతకీ ఆ వాట్సాప్ సందేశాలకీ తేడా ఉండదు. నాకు తోచినవి మూడు. మొదటిది, ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికీ, సంక్రాంతికీ సినిమా గాయకులని పిలిపించే ఖర్చులో ఒక చిన్న వాటా పక్కన పెడితే, మన జిల్లాల్లో హాకీ ఆడించే ఒక ప్రభుత్వ పాఠశాలకి ఏటా కర్రలూ, ప్యాడ్లూ, గోల్‌కీపర్ సామగ్రీ కొనివ్వొచ్చు. గోల్‌కీపర్ సామగ్రి ఖరీదైనది, పల్లెటూరి బడికి భారం. ఎర్రావారిపాళెం నుంచి ఇంకో రజని రావాలంటే కావలసింది అది. రెండోది, కంపెనీల్లో పై హోదాల్లో ఉన్న మనవాళ్ళు క్యాంపు వాళ్ళ టీవీ, హాలు, శుక్రవారం సెలవు ఇలాంటి వాటి గురించి యాజమాన్యాలతో మాట్లాడాలి. గొడవ జరిగినప్పుడు లేఖలు కింది వాళ్ళకే వెళ్తుంటే నోరు విప్పాలి.

మూడోది అన్నిటికన్నా సులువు. మస్కట్‌లో భారత జట్టు మళ్ళీ జపాన్‌తోనో, కొరియాతోనో, ఒమాన్‌తోనో ఆడే రోజు వస్తుంది. ఆడేది అమ్మాయిలు కావచ్చు, జూనియర్లు కావచ్చు. ఆ రోజున రుసైల్ నుంచి ఒక బస్సు బయల్దేరాలి. సగం సీట్లు క్యాంపు వాళ్ళకి కేటాయించాలి. మనిషికి రెండు మూడు రియాళ్ళు వేసుకుంటే బస్సు అద్దె వెళ్ళిపోతుంది. ఎదుట పాకిస్తాన్ లేదు కదా అని ఎవరైనా అంటే, మన జట్టు ఉంది కదా అని చెప్పి ఎక్కించుకుందాం.